"సార్ రాలేదా మేడమ్?"

2025 సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య నన్ను ఈ ప్రశ్న పదకొండుసార్లు అడిగారు. రాసిపెట్టుకున్నాను కాబట్టి కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. అడిగినవాళ్ళలో దుర్మార్గులెవరూ లేరు. కుర్చీ వేసి, ఫ్యాను నా వైపు తిప్పి, టీ తెప్పించి మరీ అడిగారు. కారు నాది, నడిపేది నేను, డబ్బులిచ్చేదీ నేనే అని చెప్పాక కూడా "సార్ నంబరివ్వండి మేడమ్, ఆయనకి ఎక్స్‌ప్లెయిన్ చేస్తాం" అన్నారు. నాకు సార్ లేడు. ఉంటే మాత్రం?

ఒక కారుకి వచ్చిన జబ్బు గురించి రాయబోతున్నాను. సాహిత్య పత్రికలో ఈ కారు గోలేమిటని విసుక్కునే మిత్రులున్నారని తెలుసు. నిజం చెప్పాలంటే నాతో ఈ వ్యాసం రాయిస్తున్నది మెకానిక్‌ల మీద కోపం కాదు, వాళ్ళ మీద కోపమే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నేను ఉండేది విజయవాడలో, పాఠాలు చెప్పేది బందరులో. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా రానూపోనూ నూట నలభై కిలోమీటర్లు. ఏడేళ్ళు బస్సులో తిరిగాను. సాయంత్రం సెమినార్ ఆరు దాటితే "మేడమ్‌కి బస్సు టైమైంది" అని నా పేపరుని ముందుకో వెనక్కో జరిపేవాళ్ళు. చర్చ మొదలయ్యే వేళకి నేను ఎప్పుడూ బస్టాండులోనే ఉండేదాన్ని. 2021లో ఒక పాత డీజిల్ కారు కొన్నాను. అందులో ఉన్నది ఫియట్ వాళ్ళు రూపొందించిన 1.3 లీటర్ల ఇంజను. మారుతి, టాటా, ఫియట్, ఇన్ని కంపెనీల కార్లలో నడిచింది కాబట్టి మన దేశంలో దాన్ని ఎరగని మెకానిక్ ఉండడు. 2020 ఏప్రిల్‌లో బిఎస్-6 నిబంధనలు వచ్చేసరికి ఇక్కడ దాని కాలం ముగిసింది. 75 గుర్రాల బలం. బందరు రోడ్డుకి చాలు. అప్పు నా పేరున, వాయిదాలు నా జీతంలోంచి, ఆర్సీలో పేరు నాది.

2023 దసరాకి బెంగళూరు నుంచి మా తమ్ముడొచ్చాడు. నేను రెండు రోజులు హైదరాబాద్ వెళ్ళి వచ్చేసరికి "అక్కా, నీ బండికి చిప్ పెట్టించా. ఇక చూడు పికప్!" అన్నాడు. అడగలేదు, చెప్పాడు. ప్రేమతోనే పెట్టించాడు. ఇరవై వేల పైచిలుకు అయిందని తర్వాత తెలిసింది. అబద్ధమెందుకు, నాకూ నచ్చింది. అంతకుముందు మూడో గేరులో బతిమాలితే గాని కదలని బండి, కాలు ఆనించగానే ముందుకి దూకేది. వెనక అద్దంలో నల్లటి పొగ కనిపించేది. ఆ పొగ వెనక, ఆటోలో కిక్కిరిసి నాట్లకి వెళ్తున్న ఆడవాళ్ళ ముక్కుల్లోకి పోతుందన్న ఆలోచన ఏడాది పాటు నాకు రాలేదు. వచ్చి ఉండాల్సింది.

ఈ చిప్ ఏం చేస్తుందో నేను తెలుసుకున్నది బండి చెడిపోయాకే. చిప్ అనడం అలవాటేగాని, ఇప్పుడు చిప్పేమీ మార్చరు. 1980లు, 90ల్లో ఇంజను కంప్యూటరు మూత తీసి, లోపలి మెమరీ చిప్ పీకి ఇంకోటి పెట్టేవాళ్ళు. పేరు అలా మిగిలిపోయింది. ఇప్పుడైతే ఆ కంప్యూటర్లోని లెక్కల పట్టికనే తిరగరాస్తారు, లేదా బయట ఒక చిన్న డబ్బా తగిలిస్తారు. నా కారుకి తగిలించింది డబ్బా. ఈ తరం డీజిల్ ఇంజన్లలో పంపు నుంచి వచ్చే డీజిల్ రైల్ అనే ఒక ఉక్కు గొట్టంలో వెయ్యి బార్‌లు దాటిన ఒత్తిడితో నిలబడి ఉంటుంది. అక్కణ్ణుంచి ఇంజెక్టర్లు లెక్క ప్రకారం సిలిండర్లలోకి చిమ్ముతాయి. ఒత్తిడి ఎంతుందో గొట్టం చివర ఉన్న సెన్సారు చిన్న వోల్టేజీ రూపంలో కంప్యూటరుకి చెబుతూ ఉంటుంది. డబ్బా ఆ సెన్సారుకీ కంప్యూటరుకీ మధ్య కూర్చుంటుంది. సెన్సారు చెప్పిన అంకెని తగ్గించి చెబుతుంది. ఒత్తిడి చాలడం లేదనుకుని కంప్యూటర్ పెంచుతుంది. ఇంజెక్టరు తెరుచుకునే సమయం మారకపోయినా ఎక్కువ డీజిల్ లోపలికి పోతుంది. మనకి పికప్ వస్తుంది. అంతే. ఇరవై వేల పైచిలుకు ఖరీదైన ఒక చాడీ.

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్, పాయకాపురం వైపు మనుషులు మేడల మీద రోజుల తరబడి ఉండిపోయారు. దానితో పోలిస్తే మా వీధిది అదృష్టమే, కారు చక్రాల్లో సగం దాకా వచ్చి ఆగాయి నీళ్ళు. వరద తీశాక బురద వదలడానికి బండిని వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చాను. బానెట్ ఎత్తి ఇంజను మీద కూడా ప్రెషర్‌తో నీళ్ళు కొట్టి తళతళలాడేలా చేసి ఇచ్చారు. నేనూ సంతోషించాను. ఈ వివరం గుర్తుపెట్టుకోండి.

నవంబరులో మొదలైంది. బాగా నడుస్తున్న బండి ఉన్నట్టుండి చచ్చుబడిపోయేది. యాక్సిలరేటరు ఎంత తొక్కినా నలభై దాటేది కాదు. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజను బొమ్మ వెలిగేది. పక్కకి తీసి, ఆపి, మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు వెళ్ళిపోయేది. ఏదో తేడా వస్తే ఇంజనుని కాపాడుకోవడానికి కంప్యూటరే బలం కోసేస్తుందట. మన మెకానిక్‌లు "సేఫ్ మోడ్‌లో పడింది" అంటారు. ఎవరికి సేఫో నాకు సంక్రాంతికి తెలిసింది.

భోగి ముందు రోజు అమ్మని తీసుకుని అవనిగడ్డ వైపు మావయ్య వాళ్ళింటికి కరకట్ట మీదుగా బయల్దేరాను. తోట్లవల్లూరు దగ్గర ముందు చెరుకు ట్రాక్టరు. ఎదురుగా రోడ్డు ఖాళీ. మూడో గేరు వేసి కుడికి తీశాను. ట్రాక్టరు పక్కకి వచ్చేసరికి బండి చచ్చుబడింది. ఎదురుగా మలుపులోంచి బస్సు. ముందుకి పోలేను, వెనక్కి తగ్గుదామంటే ట్రాక్టరుకి రెండో ట్రక్కు ఉంది. బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు, ట్రాక్టరతను కట్ట అంచుకి తీశాడు. ఆ ఇద్దరి దయ వల్ల నేనిప్పుడు రాస్తున్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నువ్వే ఏదో తొక్కి ఉంటావే."

పండగ మూడు రోజులూ మావయ్య ఇంట్లో నా డ్రైవింగ్ మీద సదస్సు జరిగింది. లైసెన్సు కూడా లేని బావమరిది "ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆడవాళ్ళు కాలు తీసేస్తారు, భయానికి" అని కారణం కనిపెట్టాడు. మావయ్య "అమ్మాయ్, కారు అమ్మేసి ఒక డ్రైవర్ని పెట్టుకో" అన్నాడు. కారు అమ్మేశాక డ్రైవరెందుకో ఆయనే చెప్పాలి. తమ్ముడు ఫోన్లో "అక్కా, చిప్ వల్ల మాత్రం కాదు, అది జర్మన్ టెక్నాలజీ" అన్నాడు. వరద కావచ్చు, కల్తీ డీజిల్ కావచ్చు, నా కాలు కావచ్చు. అందరూ అన్నీ అనుమానించారు, మగవాడు బిగించిన ఆ డబ్బాని తప్ప. కారు పోతే నాకేం పోతుందో ఎవరికీ పట్టలేదు. మళ్ళీ ఆరింటి బస్సు, మళ్ళీ చర్చ మొదలయ్యే వేళకి బస్టాండు.

మొదట ఒక సర్వీస్ సెంటరుకి వెళ్ళాను. లైటు వెలగడం లేదు కాబట్టి స్కానరు పెట్టలేదు. ఒక కుర్రాడు నడిపి చూసి వచ్చి "హాఫ్ క్లచ్ మీద తోలుతున్నారు మేడమ్" అన్నాడు. జాబ్ కార్డు మీద కస్టమర్ పేరు దగ్గర మా నాన్న పేరు ఉంది. ఆయన పోయి ఆరేళ్ళైంది. ఆర్సీ చూసి రాయమని ఇస్తే, "డాక్టర్ అని పెట్టమంటారా? ఏ హాస్పిటల్?" అన్నారు. పి.సత్యవతిగారి "ఇల్లలకగానే" కథలో ఇల్లలికి అలికి తన పేరే మరిచిపోయిన ఇల్లాలు గుర్తొచ్చింది. నా పేరు నాకు గుర్తుంది. రాసుకునే కాగితంలోనే దానికి చోటు లేదు.

తర్వాత ఆటోనగర్. 1960ల్లో ఊళ్ళో చెదురుమదురుగా ఉన్న మోటారు షెడ్లని ఒకచోటికి చేర్చి కట్టుకున్న పేట. లారీ ఛాసిస్ లోపలికి వచ్చి క్యాబిన్, బాడీ, రంగు, దేవుడి బొమ్మతో సహా బయటికి పోయే చోటు. విజయవాడలో పుట్టి పెరిగి కూడా ముప్పై దాటేదాకా నేను అందులోకి అడుగు పెట్టలేదు. అక్కడి జ్ఞానాన్ని చిన్నచూపు చూస్తే కళ్ళు పోతాయి. ఇంజను శబ్దం విని ఏ నాజిల్ కారుతోందో చెప్పేవాళ్ళున్నారు. కానీ ఆ చెవులు ఇంజనుకే. నేను "మూడో గేర్లో, రెండు వేల ఆర్పీఎం దాటాక, తడి ఉన్న పొద్దున పూట" అని చెబుతుంటే తల ఊపి, నా పక్కనున్న ఆటో డ్రైవరుని అడిగారు, "ఏం కంప్లయింటు?" అని. అతను నన్ను స్టాండులోంచి అక్కడికి తీసుకొచ్చినవాడు. నేను వెళ్ళిన షెడ్లలో ఆడవాళ్ళు వెళ్ళే బాత్రూమ్ ఒక్కటీ లేదు. అందుకని మంచినీళ్ళు తాగకుండా కూర్చున్నాను. డీజిల్ ఫిల్టరు మార్చారు. ఈజీఆర్ వాల్వు విప్పి మసి కడిగారు. ఇంకో షెడ్డులో టర్బో పోయిందన్నారు.

ఒకచోట స్కానరు పెట్టారు. స్కానింగ్ అనే మాట మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ కడుపుల మీద ఏయే పనులు చేసిందో తెలిసినదాన్ని కాబట్టి ఆ మాటకే ఉలిక్కిపడ్డాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. "ఎర్రర్ ఉందండి, తీసేశాం" అన్నాడు. ఏం ఎర్రర్? "అది కోడ్ మేడమ్, మీకర్థం కాదు." తప్పు జరిగిన క్షణంలో వేగమెంత, ఇంజను తిరుగుడెంత, వేడెంత అన్నవన్నీ ఆ కంప్యూటరు ఆ కోడ్ పక్కన రాసి పెట్టుకుంటుంది. కోడ్‌తో పాటు అవీ తుడిచేశాడు. నా పీహెచ్‌డీ తెలుగు స్త్రీల యాత్రారచనల మీద. ఒక పుస్తకం కోసం ఐదేళ్ళు లైబ్రరీల్లో బూజు దులిపాను. ఆఖరికి దొరికిన ఒక్క ప్రతిని "శుభ్రం చేశాం" అని తుడిచేసి తెల్ల కాగితాలు చేతిలో పెడితే ఎలా ఉంటుందో అలా అనిపించింది.

ఆ రోజు ఇంటికొచ్చి నిర్ణయించుకున్నాను. పాఠం నేనే చదువుతాను. ఫోనుకి బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానరు వెయ్యి రూపాయల లోపు దొరికింది. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌లో గుచ్చితే ఫోను తెరమీద అంకెలు కదులుతాయి. ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, చోటు, గేరు, వేగం, ఏసీ ఉందా లేదా, మంచు పడిందా, బండి ఎన్ని గంటలు ఆరుబయట ఉంది. తొమ్మిదిసార్లు వచ్చింది. కోడ్ ప్రతిసారీ ఒకటే: పి0193. రైల్ ప్రెషర్ సెన్సారు సర్క్యూట్‌లో వోల్టేజీ ఉండాల్సినదానికన్నా ఎక్కువ. తొమ్మిదింటిలో ఏడుసార్లు మంచు పొద్దునే. ఎనిమిదిసార్లు గతుకు మీద గాని బండి గట్టిగా లాగుతున్నప్పుడు గాని. కాలు తీసేసిన సందర్భం ఒక్కటీ లేదు.

కోడ్ చూపిస్తే ఒక షెడ్డులో "సెన్సారు మార్చాలి, రైలుతో సహా" అన్నారు. ఆ ఖర్చు నా నెల జీతం. కోడ్ సెన్సారు పేరు చెప్పింది కాబట్టి తప్పు సెన్సారుదే అనుకోవడం, ఫిర్యాదు చేసినదాని మీదే కేసు పెట్టడం లాంటిది. అది చెబుతున్నది సర్క్యూట్ గురించి. సర్క్యూట్‌లో సెన్సారుంది, తీగలున్నాయి, కనెక్టర్లున్నాయి, వాటి మధ్యలో మా తమ్ముడి ప్రేమ ఉంది. బయటి నుంచి తగిలించిన సామానున్న బండికి జబ్బు చేస్తే మొదట చేయాల్సింది దాన్ని పీకి, కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా పెట్టి నడిపి చూడడం. ఇది పైసా ఖర్చు లేని పరీక్ష. నాలుగు షెడ్లలో ఒక్కరూ చేయలేదు. డబ్బా చూసి అందరూ మెచ్చుకున్నారు. "ఎవరు పెట్టించారండీ, మంచి మోడల్!"

ఫిబ్రవరి మొదటి ఆదివారం నేనే పీకాను. తాళం తీసి, అరగంట ఆగి, గొట్టాల జోలికి అసలు పోకుండా. ఇంజను నడుస్తుండగా ఆ గొట్టాల బిగింపు వదిలితే చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఇది ఎవరైనా మొదట నేర్చుకోవాల్సిన సంగతి. కనెక్టరు గొళ్ళెం నొక్కి డబ్బా తీగలు తప్పించి, అసలు తీగని సెన్సారుకి తిరిగి తగిలించాను. చూస్తే ఐదు నిమిషాల పని. గోరు ఒకటి విరిగింది. ఎనిమిది రోజులు, దాదాపు వెయ్యి కిలోమీటర్లు, మంచులో, గతుకుల్లో. ఒక్క కోడ్ రాలేదు. ఇక్కడితో ఆపెయ్యొచ్చు. కానీ "నీ అదృష్టం బాగుండి రాలేదు" అనే వాళ్ళ కోసం డబ్బా మళ్ళీ తగిలించాను. మూడో రోజు పొద్దున కంకిపాడు దాటగానే పసుపు బొమ్మ వెలిగింది. నా జీవితంలో ఒక ఎర్రర్ చూసి అంత సంతోషపడింది అదొక్కసారే.

అప్పుడు వెళ్ళాను, ఒక పెద్దాయన పంపు షాపుకి. ఆయన కూడా "సార్ రాలేదామ్మా?" అనే మొదలుపెట్టాడు, పదకొండోసారి. కానీ నోటుబుక్కు చేతికిస్తే కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివాడు. నన్నే స్టార్ట్ చేయమన్నాడు. ఇంజను నిదానంగా తిరుగుతుంటే డబ్బా తీగల్ని ఒక్కొక్కటే వేళ్ళతో కదిపాడు. సెన్సారు దగ్గరి కనెక్టరు కదపగానే ఇంజను దగ్గింది. విప్పి చూస్తే లోపల ఉండాల్సిన రబ్బరు రింగు లేదు. మూడు పిన్నుల్లో ఒకటి పచ్చగా చిలుమెక్కి ఉంది. ఎర్తు తీగని రంగు గీకకుండా బోల్టు కింద బిగించారు. వరద నీళ్ళు అంత ఎత్తు రాలేదు. బురద కడగడానికి ప్రెషర్‌తో కొట్టిన నీళ్ళు రింగు లేని కనెక్టరులోకి పోయాయి. మిగిలింది మన డెల్టా గాలి చూసుకుంది. "ఇది బండి జబ్బు కాదమ్మా, బిగించినవాడి జబ్బు" అన్నాడు. వంద రూపాయలు కూడా తీసుకోలేదు. ఆయన్ని ఆదర్శ పురుషుణ్ణి చేయబోవడం లేదు. నోటుబుక్కు లేకుండా వెళ్ళి ఉంటే ఆయనా హాఫ్ క్లచ్ అనే ఉండేవాడేమో. నేను నోరు విప్పి చెప్పిన అవే మాటలు, కాగితం మీద అంకెలయ్యాక మాత్రమే సాక్ష్యమయ్యాయి.

ఇక్కడే నాకు మంట. కంప్యూటరు డబ్బా చెప్పిన అబద్ధాన్ని ఏడాది పాటు నమ్మింది. పాపం యంత్రం, దానికి తెలియదు. మనుషులకేమైంది? బండిలో రోజూ మూడు గంటలు కూర్చునేది నేను. ఎక్కడ ఎలా ఆగిందో నా అరికాలికి తెలుసు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ కోటికి పైగా డీజిల్ కార్లలో పరీక్ష గదిలో ఒకలా, బయట ఒకలా నడిచే సాఫ్ట్‌వేరు పెట్టిందని బయటపడింది. ఆ గుట్టు దొరికింది కూడా అమెరికాలో ఒక యూనివర్సిటీ వాళ్ళు కార్లకి పరికరాలు కట్టి రోడ్డు మీద నడిపి చూడబట్టే. రోడ్డు మీద నడిపే మనిషి సాక్ష్యం అంత విలువైనది. ఆ మనిషి ఆడదైతే మాత్రం ముందు ఆమె కాలుని పరీక్షించాలి.

శిక్ష దగ్గరికొచ్చేసరికి మాత్రం నా పేరు అందరికీ గుర్తొస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, బండి వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నమయ్యేలా యజమాని మార్పులు చేయకూడదంటుంది. 2019 సవరణలో తిరగరాసిన 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పు చేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా ప్రతి మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇలాంటి డబ్బా దాని కిందికి వస్తుందా రాదా అన్నది లాయర్లు తేల్చుకుంటారు. వస్తే బాధ్యత యజమానిది. బిగించింది తమ్ముడు, మెచ్చుకున్నది షెడ్లు, దొరికితే నేను. జాబ్ కార్డులో లేని పేరు చలానాలో అచ్చవుతుంది. ఇన్సూరెన్సు కాగితంలో "మార్పులేమైనా చేశారా" అన్నచోట లేదు అని సంతకం పెట్టింది కూడా నేనే, అది మార్పని తెలియక. తెలుసుకోకపోవడం నా తప్పే. తెలుసుకోనక్కర్లేదని ముప్పై ఏళ్ళు నాకు నేర్పినవాళ్ళ తప్పు కూడా.

ఇప్పుడు మిత్రుల సంగతి. ఒక సాహిత్య సమావేశంలో మధ్యాహ్న భోజనాల దగ్గర ఈ కథంతా చెప్పాను. ఎంతో గౌరవించే ఒక రచయిత్రి నవ్వి "వేగం, పవర్, మెషీన్లు, ఇవన్నీ మగ మోజులు. మనకెందుకమ్మా? డ్రైవర్ని పెట్టుకో" అన్నారు. మావయ్యా ఆ మాటే అన్నాడు. స్త్రీవాదం నుంచి బయల్దేరి కూడా అవనిగడ్డకే చేరితే ఇక ఈ ప్రయాణం ఎందుకు? సాంకేతికత పితృస్వామ్య స్వభావం కలది అని ఒక వాక్యం రాసి ముందుకి వెళ్ళిపోవడం మనకి బాగా అలవాటైంది. నేనూ రాశాను, నా థీసిస్‌లో రెండుచోట్ల ఉంది. ఆ వాక్యం రాసిన రోజు నాకు ఫ్యూజు మార్చడం రాదు. రానితనాన్ని సిద్ధాంతంగా అలంకరించుకున్నాను.

1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మొగుడికి చెప్పకుండా, ఆయన తయారుచేసిన మోటారు బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా నూరు కిలోమీటర్లకి పైగా వెళ్ళింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. తీగ ఒరుసుకుపోతుంటే మేజోడు పట్టీ చుట్టింది. మోటారు కారులో మొదటి దూర ప్రయాణం చేసిందీ, దారిలో రిపేరు చేసుకుందీ ఒక ఆడది. యంత్రం పుట్టుకతో మగది కాదు. మన పెనుగంచిప్రోలులో పుట్టిన భండారు అచ్చమాంబ 1901లో "అబలా సచ్చరిత్ర రత్నమాల" వేసింది. స్త్రీలకి తెలివి లేదనే వాళ్ళకి జవాబుగా ఒక్కొక్క స్త్రీ చరిత్రనీ ఏరి సాక్ష్యంగా పెట్టింది. ఆవిడ వారసులమని చెప్పుకుంటూ "మనకెందుకు" అంటే ఎలా?

ఇది కారున్న మధ్యతరగతి ఆడదాని గోల అనే వాళ్ళు కూడా ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో నమో డ్రోన్ దీదీ పథకం తెచ్చింది. పదిహేను వేల స్వయం సహాయక సంఘాలకి, పొలాల్లో మందులు చల్లే డ్రోన్లు ఎనభై శాతం సబ్సిడీతో. నడపడానికి సంఘంలో ఒక స్త్రీకి పదిహేను రోజుల శిక్షణ. మరి రిపేరు? దానికి ఇంకో సభ్యురాలిని గాని, కుటుంబ సభ్యుణ్ణి గాని తీసుకోవచ్చన్నారు. ఆ "గాని"లోంచి మొగుడో మరిదో ఎంత సులువుగా లోపలికి వస్తాడో మన ఊళ్ళు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆమె ఎగరేస్తుంది, అతను విప్పుతాడు. ఆగిపోయిన రోజున "నువ్వే ఏదో నొక్కి ఉంటావు" అంటాడు. ఆ రోజు ఆమె చేతిలో ఒక నోటుబుక్కు, ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలిసిన వేళ్ళు ఉండాలని నా కోరిక. అది మన పని కాదంటే, మరి మన పనేమిటి?

తమ్ముడికి పచ్చబడ్డ పిన్ను ఫొటో పంపాను. "బిగించినవాడు దొంగవెధవ అక్కా, టెక్నాలజీ మంచిదే" అని జవాబిచ్చాడు. అమ్మ మళ్ళీ కరకట్ట మీద నా పక్కన కూర్చోవడానికి ఏప్రిల్ దాకా పట్టింది. తోట్లవల్లూరు దగ్గర సీటు అంచు గట్టిగా పట్టుకుంది, ఏమీ అనలేదు. బండి మళ్ళీ 75 గుర్రాలదే. మూడో గేరులో బతిమాలుతూ నడుపుతున్నాను. డబ్బా బీరువాలో ఉంది. అమ్మేద్దామని తమ్ముడు రెండుసార్లు ఫోన్ చేశాడు. కొనేవాడికి ఈ కథంతా చెప్పి, ఆ బండి ఎవరి పేరున ఉందో వాళ్ళ చేత ఒప్పుకున్నట్టు సంతకం పెట్టిస్తానంటే ఇస్తానన్నాను. ఆలోచించి చెబుతానన్నాడు.